తాడు బిగియకూడదు

1999 నవంబరు 2, మంగళవారం

ప్రిన్సిపాల్ ఉదయభాస్కర్ గారు ఇవాళ పిలిచి, డిసెంబరు ముప్ఫై ఒకటిన నా రిటైర్మెంటు సభకి చిన్న పుస్తకం వేస్తున్నామనీ, అందులోకి నా ఘనతలు ఒక పేజీ రాసివ్వమనీ అడిగారు. పేజీకి సరిపడా ఘనతలు ఎక్కడ దొరుకుతాయండి అన్నాను. దొరికినంత రాయండి అన్నారు. ఆయన కెమిస్ట్రీ మనిషి, వేళాకోళం ఆయనకి పట్టదు.

సాయంత్రం ఈ డైరీ తీశాను. జనవరిలో ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చింది, ఇన్నాళ్ళూ బియ్యం డబ్బా మీద మూతకి పనికొచ్చింది. పేరు సత్యకుమారి అని రాశాను. ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఇరవై మూడేళ్ళుగా ఫిజికల్ డైరెక్టరు అని రాశాను. నేర్పింది దూరపు పరుగు అని రాశాను. అక్కడికి ఆగిపోయింది. ఆ పేజీ చింపేసి, ఊరికే నాకోసం రాసుకుంటున్నాను.

ప్రిన్సిపాల్ గారి గదిలో బీరువా మీద కప్పు ఉంది. యూనివర్సిటీ కాలేజీలన్నీ ఏటా పోటీపడే క్రాస్ కంట్రీ కప్పు. గెలిచినవాళ్ళ దగ్గర ఏడాది ఉంటుంది, మళ్ళీ ఇచ్చేయాలి. వరసగా మూడేళ్ళు గెలిస్తే మాత్రం ఇక ఎవరికీ ఇవ్వక్కర్లేదు. 97లో మాదే, 98లో మాదే. వచ్చే నెల కూడా గెలిస్తే, నేను వెళ్ళిపోయినా అది అక్కడే ఉంటుంది.

అయినా నాకు కప్పుల పిచ్చి లేదు.

నవంబరు 6, శనివారం

ఇవాళ తాడు రోజు. శనివారం శనివారం పొద్దున్నే కాలవగట్టు మీద ఆరుగురూ ఒకే తాడు పట్టుకుని పరిగెత్తుతారు. లూనా మీద నేను వెనకాల. గేదెల్ని కడిగేవాళ్ళు ఇప్పటికీ ఆగి చూస్తారు. మొదట్లో ఈలలు వేసేవారు. ఒకసారి లూనా ఆపి దిగి, ఈల వేసినవాడి పేరూ వాళ్ళమ్మ పేరూ అడిగాను. తరవాత ఎవరూ వేయలేదు.

తాడు మా నాన్నది. పేరు వీరాస్వామి. రోడ్ల మీదకి లారీలు రాకముందు ఈ కాలవలో ధాన్యం పడవలు నడిచేవి. గాలి లేనప్పుడు నాన్నలాంటివాళ్ళు గట్టు మీద వరసగా నడుస్తూ భుజాన తాడేసుకుని పడవని లాగేవారు. ఆ వరసలో మెతకవాణ్ణి ముందు పెట్టాలి, గట్టివాణ్ణి చివర పెట్టాలి అనేవాడు నాన్న. గట్టివాడు ముందుంటే తన బలం తను చూసుకుంటాడు, చివర ఉంటే అందరి బలమూ చూస్తాడట. చివరివాడు ప్రతి వంతెన దగ్గరా "ఉన్నాం" అని కేకెయ్యాలి. ముందున్నవాడు వెనక్కి తిరిగి చూడకుండా నడుస్తాడు.

నేను మా పిల్లలకి నేర్పింది ఇంతే. తాడు బిగియకూడదు, నేలకి తగలకూడదు. పోటీలో తాడు ఉండదు, ఉన్నట్టే పరిగెత్తాలి. క్రాస్ కంట్రీలో కాలేజీకి ఆరుగురు పరిగెడితే, ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే కప్పు వాళ్ళది. ఒకమ్మాయి ఎగిరిపడి మొదట వచ్చి మిగతావాళ్ళు చెల్లాచెదురైతే ఏం లాభం? మావాళ్ళు ఎనిమిదో తొమ్మిదో స్థానం నుంచి వరసగా, జడ వెనక జడ, వచ్చేస్తారు. ఇది ప్రిన్సిపాల్ గారికి ఏటా చెప్తాను. ఏటా విని, ఇంతకీ ఫస్టు ఎవరొచ్చారండి అంటారు.

ఈ ఏడు తాడుకి ముందు సత్యశ్రీ. ఇరవై ఎకరాల మోతుబరి కూతురు, పెరుగన్నం పిల్ల, ఆయాసం ఎక్కువ, పట్టుదల ఇంకా ఎక్కువ. చివర వెంకటదుర్గ. సముద్రపొడ్డు పిల్ల, సేపలోళ్ళ గంగయ్య కూతురు, రెండో సంవత్సరం. ఇవాళ దుర్గ రెండుసార్లు ముందు పిల్ల మడమ తొక్కింది. కోప్పడ్డాను. తల వంచుకుని, "కాళ్ళు ఆగట్లేదండి" అంది.

ఆపడమే నేర్చుకోవాలమ్మా అన్నాను.

నవంబరు 14, ఆదివారం

కోరుకొండ వెళ్ళొచ్చాం. మా వైపు ఎత్తు అంటే కాలవగట్టే. అందుకని ఏటా కార్తీకంలో ఒకసారి పిల్లల్ని బస్సెక్కించి నరసింహస్వామి కొండకి తీసుకెళ్తాను. మెట్లు పరుగున ఎక్కి, దణ్ణం పెట్టుకుని, దిగి, పులిహోర తినడం. ఆ నిట్టనిలువు మెట్లు చూసి ప్రతి జట్టూ ఏడ్చింది. 83 జట్టయితే సగంలో కూర్చుని, స్వామివారే కిందకి దిగి రావాలండీ అని సమ్మె చేసింది. ఆ పిల్లలకి ఇప్పుడు బడికెళ్ళే పిల్లలు. వాళ్ళ ముఖాలు ఆ మెట్ల మీద ఇప్పటికీ కనిపిస్తాయి నాకు. ఎక్కినవాళ్ళ ముఖాలు కావు, కూర్చున్నవాళ్ళవే.

కొండ మీద తాడు పట్టుకోవడం కుదరదు, ఎవరి దారి వాళ్ళది. కింద అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. మిగతా అయిదుగురూ సగానికి చేరేసరికి దుర్గ పైనుంచి దిగి వస్తోంది. సత్యశ్రీ చెయ్యి పట్టుకుని మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దిగింది. ఇంకో పిల్ల చెయ్యి పట్టుకుంది. భక్తులు పక్కకి జరిగి దారిచ్చారు. పైన పూజారిగారు, ఈ పిల్ల గుడికొచ్చిందా కొండని కొలవడానికొచ్చిందా అని అడిగారట.

ఆ పిల్లని రెండేళ్ళుగా చూస్తున్నాను. నిరుడు కొండకి రాలేదు, విడిగా పరిగెత్తడం ఇవాళే చూశాను. ఇరవై మూడేళ్ళలో అలాంటి పరుగు నా చేతికి రాలేదు.

బస్సులో సత్యశ్రీ నా పక్కన కూర్చుని, "దుర్గ మేకండి మేడం, మేం మనుషులం" అంది. నవ్వాను.

నవంబరు 19, శుక్రవారం

మోకాలు నొప్పి. ప్రిన్సిపాల్ గారు కప్పుకోసం అద్దాల బీరువా చేయిస్తున్నారట. కొలతలు తీసుకోవడానికి వడ్రంగి వచ్చాడు. ఇంకా గెలవందే ఎందుకండి అంటే, మీరున్నారు కదండి అన్నారు.

నవంబరు 25, గురువారం

దుర్గ వాళ్ళమ్మ పెద్దింట్లమ్మ వచ్చింది. చేపల తట్ట గేటు బయట దించి, లోపలికి వచ్చి, కుర్చీ వేస్తే కూర్చోలేదు. తుపానుకి పడవ పోయిన దగ్గర్నుంచి గంగయ్య వేరేవాళ్ళ పడవ మీద కూలికి వెళ్తున్నాడట. దుర్గని ఈ ఏడుతో చదువు మాన్పించి రొయ్యల షెడ్డులో పెడదామంటున్నాడట. ఆ షెడ్డు సంగతి నాకు తెలుసు. పొద్దస్తమానం ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీయాలి. మా వీధిలో ఒకమ్మాయి వేళ్ళు ముడుచుకుపోయి కలం పట్టుకోలేదు ఇప్పుడు.

ఆవిడ నా ముఖంలోకి చూసి అడిగింది.

"పరుగెడితే రైల్వేలో ఉజ్జోగం వత్తదని పిల్ల సెప్పిందండి. వత్తదంటే సెప్పండి, ఇంకో ఏడు ఎలాగో లాక్కొత్తాం. రాదంటే ఇప్పుడే సెప్పేయండి. ఆశ పెట్టకండి."

చూద్దామమ్మా అన్నాను.

వెళ్తూ నాలుగు మట్టగిడసలు ఆకులో చుట్టి ఇచ్చింది. పులుసు పెట్టాను. తినలేకపోయాను.

పోటీలో మొదట వచ్చిన ఆరుగురిని యూనివర్సిటీ జట్టులోకి తీసుకుంటారు. ఆ జట్టు ఆలిండియాకి వెళ్తుంది. అక్కడ పరిగెత్తిన పిల్లకి స్పోర్ట్సు కోటాలో దరఖాస్తు పెట్టుకునే అర్హత వస్తుంది. దుర్గ విడిగా పరిగెడితే ఆ ఆరుగురిలో ఉంటుంది, కళ్ళు మూసుకుని చెప్తాను. తాడులో పరిగెడితే వరస చివర, పదమూడో పద్నాలుగో స్థానంలో ఉంటుంది. దుర్గ చివర లేకపోతే ఆ వరస నిలవదు. వరస నిలవకపోతే కప్పు లేదు.

పిల్ల చిన్నది. వచ్చే ఏడాది ఉంది కదా.

నవంబరు 27, శనివారం

తాడు. చాలా బాగా పరిగెత్తారు. ఇంత బాగా ఏ జట్టూ పరిగెత్తలేదు. వంతెన వంతెనకీ దుర్గ "ఉన్నాం" అంటుంటే లూనా మీద నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళలో దుమ్ము పడిందని చెప్పాను.

వచ్చే ఏడాది ఉందని మొన్న రాశాను. చదువే మాన్పించేస్తే వచ్చే ఏడాది ఎక్కడిది? నాకు కూడా లేదు వచ్చే ఏడాది.

దుర్గతో మాట్లాడాలి. కప్పు గురించి కాదు, పిల్ల మనసు తెలుసుకోవాలని.

మాట్లాడలేదు.

డిసెంబరు 3, శుక్రవారం

నూకరత్నం వచ్చింది. 90 జట్టులో నాలుగో పిల్ల. ఇప్పుడు పాలకొల్లులో కుట్టు మిషను పెట్టుకుంది, నలుగురికి పని ఇస్తోంది. నేను రిటైరవుతున్నానని ఎవరో చెబితే కొలతల టేపు మెడలో అలాగే వేసుకుని బస్సెక్కి వచ్చేసింది. నాకు జాకెట్లు కుట్టి తెచ్చింది. కొలతలు తీసుకోకుండా ఎలా కుట్టావే అంటే, మూడేళ్ళు మీ చేతి దెబ్బలు తిన్నదాన్ని, చెయ్యి ఎంత లావో తెలీదాండి అంది. సరిగ్గా సరిపోయాయి.

మధ్యాహ్నమంతా 90 కబుర్లే. మాకు వచ్చిన మొదటి కప్పు అది. విశాఖపట్నంలో వాన. బూట్లు లేవు, అందరివీ ఉత్త కాళ్ళే. చివరి గీత దాటాక కూడా మావాళ్ళు ఆగలేదు. వరసగా, తాడున్నట్టే, గేటు దాటి రోడ్డెక్కి వెళ్ళిపోయారు. నేను వెనకాల చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగు. ఎంత అరిచినా వినపడలేదు వాళ్ళకి. బస్టాపు దగ్గర దొరికారు. ఎందుకాగలేదే అంటే, ఆపమని ఎవరూ చెప్పలేదండీ అన్నారు ఆరుగురూ.

ఆ మాట చెప్పుకుని ఇద్దరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి. ఆ పిల్లలు నేను గీసిన గీత దాటేవాళ్ళు కాదు. గీయని గీత సంగతి వాళ్ళకి తెలిసేది కాదు.

నూకరత్నం వెళ్ళబోతూ అంది: "ఆ మూడేళ్ళూ నేను చూసిందల్లా ముందమ్మాయి జడేనండి. ఊళ్ళు చూళ్ళేదు, గోదారి చూళ్ళేదు. జడ ఒకటే. ఇప్పటికీ ఆ రిబ్బను రంగు చెప్పగలను." ఎంతో మురిపెంగా చెప్పింది. చెప్పి, పాపం, బస్సు వచ్చేస్తోందని పరిగెత్తింది. ఇంకా బాగానే పరిగెడుతోంది.

ఆ పిల్ల ఒక్కసారైనా ముందుండి పరిగెత్తి ఉంటే ఏం చూసేదో!

డిసెంబరు 8, బుధవారం

రేపు చెప్తాను దుర్గకి.

డిసెంబరు 9, గురువారం

చెప్పలేదు. పిల్లలందరూ పక్కనే ఉన్నారు, వీలు పడలేదు.

డిసెంబరు 10, శుక్రవారం

అద్దాల బీరువా వచ్చింది. టేకుది. లోపల ఎర్ర మఖమలు పరిచి, మధ్యలో కప్పు పెట్టి, ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి చూపించారు. కింద ఇత్తడి రేకు మీద నా పేరు చెక్కించారు. చాలాసేపు చూశాను.

ఉంది. పిచ్చి ఉంది. ఆ రేకు మీద పేరు చూసి మనసు గంతులేసింది. ఈ డైరీ నేనొక్కదాన్నే చదువుతాను, అబద్ధం ఆడి ఏం ప్రయోజనం. నాకు ఆ కప్పు కావాలి.

డిసెంబరు 12, ఆదివారం

కప్పు పోయింది.

డిసెంబరు 13, సోమవారం

సెలవు పెట్టాను. నిదానంగా రాస్తాను, లేకపోతే మనసు కుదుటపడదు.

పోటీలు ఈసారి రాజమండ్రిలో. గోదారి గట్టు మీద ధవళేశ్వరం వైపు వెళ్ళి, ఆనకట్ట ఇవతల పాతిన జెండా చుట్టి, వెనక్కి రావాలి. పొద్దున్న మంచు పట్టి ఏరు కనపడలేదు, పడవ మోటారు చప్పుడు మాత్రం వినపడుతోంది. మా ఆరుగురూ వరసలో నిలబడ్డారు. ముందు సత్యశ్రీ, చివర దుర్గ. నేను చివరికి నడిచాను. ఏం చెప్పాలనుకుని నడిచానో నిజంగా నాకు తెలియదు. దుర్గ వేళ్ళు చూశాను. చలికి ఊదుకుంటోంది. రొయ్యల షెడ్డు గుర్తొచ్చింది.

"ముందుకి రా. ఇవాళ నువ్వు ఎవరికోసమూ ఆగకు. వెళ్ళిపో" అన్నాను.

"మరి తాడండీ?"

"ఇవాళ తాడు లేదు."

ఆ పిల్ల నన్ను ఒక్క క్షణం చూసింది. చెప్పులు విడిచి గుడిలోకి వెళ్ళే పిల్ల ముఖం పెట్టి వరస ముందుకి వెళ్ళి నిలబడింది. ఈల మోగింది.

కాకినాడ కాలేజీ కోచ్ అమ్మిరాజు గారు నాకు ఇరవై ఏళ్ళ శత్రువు. 97లోనూ 98లోనూ రెండోస్థానం ఆయనదే. నా లూనా ఊళ్ళో ఉండిపోయిందని తెలిసి, స్కూటరు ఆపి, "ఎక్కండి మేడంగారూ, ఎవరి పిల్లలు ఏడుస్తున్నారో కలిసే చూద్దాం" అన్నారు. ఎక్కాను. ఇద్దరం జెండా దగ్గరికి ముందే చేరి నిలబడ్డాం.

మంచులోంచి ముందు విశాఖపట్నం అమ్మాయి వచ్చింది. వెనకే మా దుర్గ. ఆ పరుగు చూసి అమ్మిరాజు గారు, ఈ పిల్ల ఎక్కడిదండీ, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు అన్నారు. జవాబు చెప్పేలోపల దుర్గ వెనక సత్యశ్రీ వచ్చింది. ఆ వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. మా ఆరుగురూ, జడ వెనక జడ, విశాఖ అమ్మాయి వెంట పోతున్నారు. అమ్మిరాజు గారి ముఖం పాలిపోయింది. "కొట్టేశారండి మేడం. ఈ కప్పు ఇక మీదేనండి" అన్నారు.

ఆయనకి తెలియనిది నాకు తెలుసు. అది దుర్గ పరుగు, సత్యశ్రీది కాదు. సత్యశ్రీ ముఖం అప్పటికే తెల్లగా ఉంది. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది, తాడు పట్టుకున్నట్టు. అయిదుగురివీ అలాగే ఉన్నాయి.

"ఆగండే! వదిలేయండే!" అని అరిచాను. విననేలేదు. 90లో విన్నారా, ఇప్పుడు వినడానికి.

తిరుగు దారిలో ఒక్కొక్కరే రాలిపోయారు. అమ్మిరాజు గారి పిల్లలు నిదానంగా వచ్చి ఒక్కొక్కరినీ దాటిపోయారు. దుర్గ ఒక్కతే వెనక్కి చూడకుండా వెళ్ళి రెండోస్థానంలో గీత దాటింది. మిగతావాళ్ళు ఎక్కడెక్కడో వచ్చారు. లెక్క కడితే కప్పు కాకినాడకి వెళ్ళింది.

సత్యశ్రీ గట్టు పక్క గడ్డిలో వాంతి చేసుకుంటోంది. వెళ్ళి నుదురు పట్టుకున్నాను. నోరు తుడుచుకుని వెక్కుతూ అంది, "తాడు బిగిసిపోతోందండి మేడం. వదల్లేకపోయాం."

వెళ్ళమని దుర్గకి చెప్పాను. ఆగమని ఆ అయిదుగురికీ చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు నాకు. లేని తాడు పట్టుకుని ఊపిరి పోయేదాకా పరిగెత్తాయి పిచ్చి మొద్దులు. అలాంటి మొద్దుల్ని ఇంకే కోచ్ తయారుచేస్తుంది? ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. సత్యశ్రీని పట్టుకుని రెండూ కానిచ్చాను.

దుర్గ దూరంగా ఒక్కతే నిలబడి ఉంది, మెడలో వెండి పతకంతో. తప్పు చేసినదానిలా. దగ్గరికి రమ్మని పిలిచాను. వచ్చి, "వెనకాల ఎవరూ ఉన్నాం అనలేదండి. భయమేసింది" అంది.

మరి ఎందుకాగలేదు అన్నాను.

"మీరు ఆగొద్దన్నారు కదండీ."

డిసెంబరు 16, గురువారం

పెద్దింట్లమ్మ వచ్చింది. ఈసారి కుర్చీలో కూర్చుంది. ఉద్యోగం వస్తుందో రాదో నేను చెప్పలేనమ్మా, అడగడానికి అర్హత మాత్రం వచ్చింది అన్నాను. వచ్చే నెల దుర్గ యూనివర్సిటీ జట్టుతో రైలెక్కుతుంది.

"సాలండి. ఇంకో ఏడు లాక్కొత్తాం" అంది.

ఆవిడ ఇచ్చిన చేపల పులుసు బాగా కుదిరింది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

డిసెంబరు 20, సోమవారం

కప్పు కోసం అమ్మిరాజు గారు స్వయంగా వచ్చారు. అద్దాల బీరువా చూశారు, ఇత్తడి రేకు చూశారు. కాసేపు నసిగి, మీ రిటైర్మెంటు సభ అయ్యేదాకా ఇక్కడే ఉంచండి మేడంగారూ, ఆ తరవాత పట్టుకెళ్తాను, ఎవరికి తెలుస్తుంది అన్నారు. జాలి పులుసు నాకు అరగదండీ అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. తరవాత కాఫీ తెప్పించి, నేనే కప్పు పొడిగుడ్డతో తుడిచి, పాత దుప్పటిలో చుట్టి స్కూటరు ముందు పెట్టాను.

కిక్కు కొట్టబోతూ ఆగి, జెండా దగ్గర మీవాళ్ళ వరస చూసినప్పుడు మేం ఓడిపోయినా బాగుణ్ణనిపించిందండి అన్నారు. ఇరవై ఏళ్ళ శత్రువు కదా, నమ్మబుద్ధి కాలేదు. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాటే తలుచుకుంటున్నాను.

బీరువాలో ఇప్పుడు ఎర్ర మఖమలు ఉంది. రేకు తీయించేయండి అంటే ప్రిన్సిపాల్ గారు తీయించలేదు.

డిసెంబరు 31, శుక్రవారం

ఊరంతా రేపటి నుంచి రెండు వేలు అంటున్నారు. సభ మధ్యాహ్నం. పొద్దున్న మనసాగక ఆఖరిసారి గట్టు చూసొద్దామని లూనా తీశాను.

కాలవ లాకుల దగ్గర జనం. ఎవరో పోయారనుకున్నాను. దగ్గరికి వెళ్తే నూకరత్నం, చీర చెంగు నడుముకి బిగించి, టేపు మెడలోనే. ఆమె పక్కన 83 జట్టు, కొండ మీద సమ్మె చేసినవాళ్ళు. లావెక్కినవాళ్ళు, జుట్టు నెరిసినవాళ్ళు, చంకలో పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు. కొంతమంది పేర్లు గుర్తురాలేదు, జడలు గుర్తొచ్చాయి. నాన్న తాడుకి ఇంకో తాడు ముడేశారు, దానికి ఇంకోటి. ఒకటి బావి చేంతాడు, ఒకటి బట్టలారేసే నైలాన్‌ది. గట్టు పొడుగునా అందరూ దాన్ని పట్టుకుని నిలబడ్డారు. సత్యశ్రీ కూడా మధ్యలో ఎక్కడో ఉంది, ముందు లేదు.

తాడు మొదటి కొస తీసుకొచ్చి దుర్గ నా చేతిలో పెట్టింది.

ఇదేంటే అన్నాను.

"మెతకవాళ్ళు ముందుండాలని మీరే చెప్పారు కదండీ."

దాని నెత్తిన ఒక్కటి మొట్టాను. ఎవరే మెతకవాళ్ళు అన్నాను. నా మోకాలు వాళ్ళందరికీ తెలుసు.

ఇరవై మూడేళ్ళు తాడు పట్టించానే గాని, పట్టుకుని నడవలేదు. వెనకనుంచి చూడటమే నాకు తెలుసు. ముందు నిలబడితే గట్టంతా కనపడింది. కొబ్బరిచెట్లు, ఊడ్పులకి దున్నిన చేలు, నీళ్ళ మీద తేలుతున్న గుర్రపుడెక్క, దూరంగా మొదటి వంతెన. ఎదురుగా జడ లేదు. దుర్గ చివరికి పరిగెత్తుకుంటూ వెళ్ళడం అడుగుల చప్పుడులో విన్నాను. ఎంత దూరం వెళ్ళిందో, ఆ చప్పుడు చాలాసేపు వినపడి ఆగింది.

నడిచాను. పరుగు నా వల్ల కాదు. కుంటుతూ, రెండు చోట్ల ఆగుతూ, గేదెలు కూడా దాటిపోయేంత నెమ్మదిగా నడిచాను. వెనక్కి చూడాలని ఎంత అనిపించినా చూడలేదు. చూడకూడదని నేర్పింది నేనే. తాడు నా చేతిలో ఉంది. ఎక్కడా బిగియలేదు, ఎక్కడా బరువు తెలియలేదు.

వంతెన దగ్గరికి వచ్చేసరికి, గట్టు మలుపు అవతలి నుంచి, కంటికి కనపడనంత దూరం నుంచి, దుర్గ కేక వినపడింది.

"ఉన్నాం."